బీరు కిట్టా, అల్లం తోడా, నన్నారి సోడానా? తిరుపతి ఎండలో ఇంట్లో ఏది పులియబెట్టాలి

పోయిన నెల మా అక్క కొడుకు శ్రీసిటీలో షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. చెప్పులు విడుస్తూనే ఫోన్ నా చేతిలో పెట్టి, "మామా, తక్కువలో వస్తోంది, కొనమంటావా?" అన్నాడు. తెల్ల ప్లాస్టిక్ బకెట్, మూత మీద ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బుడగలుగా బయటికి వదిలే చిన్న గొట్టం), పక్కన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ పాకం) డబ్బా, ఈస్ట్ పొట్లం. ఇంట్లో బీరు కాచుకునే కిట్ అది. నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో నాలుగేళ్ళు పనిచేసినప్పుడు సరిగ్గా ఇలాంటి బకెట్‌తోనే మొదలుపెట్టానని వాడికి తెలుసు. ఇక్కడికి వచ్చేశాక నేను బీరు జోలికి పోకుండా అల్లం సోడా, నన్నారి సోడా ఎందుకు పులియబెడుతున్నానో మాత్రం వాడెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండు గంటలు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. దాని ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం. బీరూ మద్యమే. కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని దాంతో బీరు కాచుకోవచ్చని అనుకోకండి. బకెట్ కొనడం వేరు, అందులో బీరు కాచడం వేరు. కాబట్టి తిరుపతిలో, చిత్తూరులో ఉన్నవాళ్ళకు బీరు కిట్ కొనమని నేను చెప్పను. బయటి దేశాల్లో ఉన్న మన పిల్లల సంగతి వేరు. బ్రిటన్‌లో సొంతానికి బీరు కాచుకోవడానికి 1963 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. అమెరికాలో 1978లో కేంద్ర చట్టం దారి తెరిచింది. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉంటే 200 గాలన్లు. రాష్ట్రాల నిబంధనలు మళ్ళీ వేరుగా ఉంటాయి, అవి చూసుకోవాలి.

అక్కడున్నవాళ్ళ కోసం కిట్ల మాట కొంచెం చెప్తాను. చవక కిట్లు రెండు రకాలు. ఒకటి ఒక్క డబ్బా కిట్: ఒకటిన్నర నుంచి 1.7 కిలోల చిక్కటి మాల్ట్ పాకం ఉంటుంది, మీరు ఒక కిలో చక్కెర కలుపుకోవాలి, 23 లీటర్ల బీరు వస్తుంది. రెండోది రెండు డబ్బాల కిట్: దాదాపు 3 కిలోల మాల్ట్, చక్కెర అక్కర్లేదు. మొదటిది చవకే, కానీ మామూలు చక్కెరతో కాచిన బీరు నీళ్ళచారులా పలచగా, గొంతులో నిలవకుండా పోతుంది. ఒక్క డబ్బా కిట్ కొనేవాళ్ళు ఆ కిలో చక్కెరలో సగం తీసేసి, బదులుగా పొడి మాల్ట్ వేస్తే రుచి వెంటనే తెలుస్తుంది. డబ్బు మిగిలితే ఫ్యాన్సీ సీసాలకు పెట్టకుండా హైడ్రోమీటర్‌కు, అంటే బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తేలి చూపించే గాజు గొట్టానికి, పెట్టండి. రెండు మూడు రోజులు వరసగా అదే అంకె చూపిస్తే పులియడం అయిపోయినట్టు, అప్పుడే సీసాల్లో పోయాలి. బుడగలు ఆగాయి కదా అని ఎయిర్‌లాక్‌ను నమ్మితే మోసపోతాం. మూత సరిగా బిగుసుకోకపోయినా బుడగలు కనిపించవు.

ఇక ఎండ. చట్టం లేకపోయినా ఈ ఒక్క కారణంతో నేను తిరుపతిలో ఆ కిట్ కొనేవాణ్ణి కాదు. ఏల్ రకం బీరు ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. లాగర్ రకం బీరుకు ఇంకా చల్లగా, 10, 12 డిగ్రీల దగ్గర ఉండాలి. మా బైరాగిపట్టెడ ఇంట్లో వంటగది గోడకు థర్మామీటర్ అంటించాను. ధనుర్మాసంలో కూడా మధ్యాహ్నం 26 చూపిస్తుంది. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు 34. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తాను వేడి పుట్టిస్తుంది, 23 లీటర్ల బకెట్ లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఆ వేడిలో ఏల్ ఈస్ట్ గోళ్ళరంగు వాసన, తలనొప్పి తెచ్చే ఘాటు పుట్టిస్తుంది. దాన్ని చల్లబరచడానికి ఇంకో ఫ్రిజ్ కొనాలంటే అది తక్కువ ఖర్చు కిట్ ఎలా అవుతుంది?

అందుకని ఇక్కడ ఎంపిక చేసుకోవాల్సింది మన వేడిని తట్టుకునేది, ఒకటి రెండు రోజుల్లో అయిపోయేది, ఫ్రిజ్‌లో ఒక అరలో పట్టేది. నాకు నచ్చిన వరసలోనే చెప్తాను.

మొదటిది అల్లం తోడు. పెరుగుకు తోడు ఎలాగో అల్లం సోడాకు ఇది అలాగ. ప్యాకెట్ ఈస్ట్ అక్కర్లేదు, అల్లం తొక్క మీదే ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియా రెండూ ఉంటాయి. కాబట్టి తొక్క తీయకూడదు. మార్కెట్‌లో మరీ కడిగి తెల్లగా మెరిసే అల్లం కంటే మట్టి అంటిన అల్లం తెచ్చుకోండి, మట్టి పోయేదాకా చన్నీళ్ళలో రుద్ది కడగండి, అంతే. అరలీటరు గాజు జాడీలో 300 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక పెద్ద చెంచా తురిమిన అల్లం, ఒక పెద్ద చెంచా చక్కెర. పైన పలచటి గుడ్డ కట్టాలి, బిగింపు మూత పెట్టొద్దు. రోజూ అదే వేళకు మళ్ళీ ఒక చెంచా అల్లం, ఒక చెంచా చక్కెర వేసి కలపాలి. మా ఇంట్లో మేలో మూడో రోజుకే జాడీ దగ్గర చెవి పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, తురుమంతా పైకి తేలి నురుగు కడుతుంది. డిసెంబర్‌లో దానికే ఆరేడు రోజులు పడుతుంది. వాసన అల్లం, నిమ్మ, కొంచెం ఇడ్లీ పిండి కలిసినట్టు ఉండాలి. పైన బూజు, అది ఏ రంగుదైనా సరే, నూగులా కనిపిస్తే తీసి వాడుకుందామని చూడకండి, మొత్తం పారబోయండి. ఆ అల్లం ఖరీదు ఎంతని!

నీళ్ళ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మున్సిపల్ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది తోడును చంపుతుంది. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు వాడండి. క్యాన్ నీళ్ళైనా పరవాలేదు. వారం రోజులైనా తోడు పొంగలేదని బాధపడే వాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న నీళ్ళ గురించే.

లీటరు సోడాకు 40 గ్రాముల అల్లం దంచి, 80 గ్రాముల చక్కెరతో అరలీటరు నీళ్ళలో పది నిమిషాలు మరగనిచ్చి వడకట్టాలి. మిగతా నీళ్ళు పోసి, వేలు పెడితే వేడి తెలియనంత చల్లారాక ఒక నిమ్మకాయ పిండి, వడకట్టిన తోడు 100 మిల్లీలీటర్లు కలపాలి. వేడి మీద కలిపితే తోడు చచ్చిపోతుంది. చక్కెర బదులు చిత్తూరు బెల్లం వేస్తే రంగూ రుచీ రెండూ వస్తాయి, నాకు అదే ఇష్టం. కాకపోతే బెల్లంతో పొంగు తొందరగా వస్తుంది, మరగబెట్టి మడ్డి తీయడం తప్పనిసరి. లేత రంగు బెల్లమే తీసుకోండి. నల్లబెల్లం నాటుసారా బట్టీలకు పోయే సరుకని దాని మీద ఎక్సైజ్ వాళ్ళ కన్ను ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడిదాకా అందరూ చేసేస్తారు. అసలు జాగ్రత్త సీసాలో ఉంది. ఈ లెక్క ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి, అందుకే నెమ్మదిగా చెప్తాను. ఈస్ట్ 4 గ్రాముల చక్కెర తిన్నప్పుడు ఇంచుమించు 2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 2 గ్రాముల ఆల్కహాల్ పుడతాయి. ఒక లీటరు పానీయంలో 2 గ్రాముల గ్యాస్ కరిగిందంటే అది దాదాపు ఒక లీటరు గ్యాస్. దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. బీరులో రెండున్నర వాల్యూముల దాకా ఉంటుంది, షాపుల్లో కొనే కూల్‌డ్రింక్‌లో మూడున్నర, నాలుగు. మన సోడాకు మూడు చాలు. అంటే మీరు వేసిన 80 గ్రాముల చక్కెరలో ఈస్ట్ 12 గ్రాములు తింటే చాలు, మిగతాది తీపి కోసం. మీరు ఆపకపోతే అది మొత్తం 80 గ్రాములూ తింటుంది. 80ని 4తో భాగిస్తే 20. మూడో నాలుగో ఉండాల్సిన చోట ఇరవై వాల్యూములు! ఏ సీసా ఆగుతుంది?

ఆగదని నాకు తెలుసు. ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో చూడముచ్చటగా ఉందని నలుచదరపు గాజు సీసా కొన్నాను, పైన తీగ బిగింపు మూత ఉన్నది. అందులో అల్లం సోడా పోసి, వంటగది అలమర మీద పెట్టి చిత్తూరులో పెళ్ళికి వెళ్ళాం. ఒక రాత్రి ఉండి వచ్చేద్దామనుకుంటే రెండు రాత్రులైంది. తిరిగొచ్చి తలుపు తీయగానే అల్లం వాసన. సీసా అడుగు మాత్రం అలమర మీద అలాగే ఉంది. మిగతాదంతా గాజు పొడి. బియ్యం డబ్బా మూత తీసి ఉంది, ఆ పది కిలోల బియ్యమూ పారబోశాం. ఎదురు గోడకు తగిలించిన క్యాలెండర్‌లో, ఏప్రిల్ కాగితం మీద, వేలెడంత గాజు ముక్క నిటారుగా గుచ్చుకుని ఉంది. మా అమ్మ రోజూ సరిగ్గా ఆ క్యాలెండర్ కింద కూచుని కూరగాయలు తరుగుతుంది. ఆమె కూడా మాతో పెళ్ళికి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ ముక్కను ఇప్పటికీ అగ్గిపెట్టెలో దాచుకున్నాను. గాజులో చేస్తానన్న ప్రతివాడికీ చూపిస్తాను.

అందుకే సీసాల్లో నా తీర్పు ఒక్కటే: కూల్‌డ్రింక్ తాగేసిన పెట్ (ప్లాస్టిక్) సీసా. అది గ్యాస్ కోసమే తయారైనది, ఖర్చు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అది చేతికి చెప్తుంది. పోసిన వెంటనే నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. గ్యాస్ పడేకొద్దీ గట్టిపడుతుంది. పక్కనే మూత తీయని కూల్‌డ్రింక్ సీసా ఒకటి పెట్టుకుని రెండూ నొక్కి చూడండి, రెండూ ఒకేలా గట్టిగా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లోకి. మేలో మా ఇంట్లో దీనికి పది నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది, చలికాలంలో ఒకటిన్నర రోజు. రాత్రి పోసి పడుకుంటే లేవగానే నొక్కి చూడాలి. మినరల్ వాటర్ సీసా పలచన, అది వద్దు. పెట్ సీసాలో మరిగే నీళ్ళు పోస్తే ముడుచుకుపోతుంది, గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, వాసన పట్టిన సీసా మార్చేయండి. గాజే కావాలంటే గుండ్రటివి, బీరు కోసం మందంగా చేసినవి మాత్రమే. అదీ చెయ్యి తిరిగాక, పక్కన ఒక పెట్ సీసాను సాక్షిగా నింపి పెట్టుకుని. నలుచదరపువి అలంకారానికే, వాటి మూలల దగ్గర గాజు ఒత్తిడిని ఓర్చుకోలేదు.

గోలీసోడా సీసా సంగతి ఒకసారి మావాడు అడిగాడు. 1870ల్లో హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంట్ తీసుకున్న పద్ధతి అది, లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేస్తుంది. మిషన్‌తో ఒక్కసారిగా గ్యాస్ కొట్టే చోట అద్భుతంగా పనిచేస్తుంది. మనది గంటల తరబడి మెల్లగా పుట్టే గ్యాస్, గోలీ బిగుసుకునేలోపు అంతా జారిపోతుంది.

రెండో ఎంపిక నన్నారి, ఈస్ట్‌తో. సీమవాళ్ళకు నన్నారి గురించి చెప్పక్కర్లేదు, ఎండాకాలం మన వీధుల వాసనే అది. సుగంధిపాల వేరు. ఇంగ్లీషువాళ్ళు దీన్నే ఇండియన్ సార్సపరిల్లా అన్నారు. అమెరికాలో రూట్ బీర్ అని తాగే వేర్ల సోడాకు పాతకాలంలో సార్సపరిల్లా, సాసఫ్రాస్ వేర్లు వాడేవాళ్ళు. సాసఫ్రాస్‌లోని సాఫ్రోల్ మంచిది కాదని అక్కడి ప్రభుత్వం 1960లో దాన్ని ఆహారంలో నిషేధించింది. మన నన్నారి వాసన వేరే పదార్థానిది, వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం. ఇంట్లో రూట్ బీర్ చేసుకోవాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి వేరు ఎక్కడుంది? రీడింగ్‌లో ఉన్నప్పుడు సార్సపరిల్లా పొట్లాల కోసం తిరిగిన రోజులు గుర్తొస్తే, ఇక్కడ నన్నారి వేరు కట్ట చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

రెండు లీటర్లకు 50 గ్రాముల వేరు. కడిగి, రోకలితో ఒక్క దెబ్బ కొడితే పైబెరడు విడుతుంది. లోపలి కట్టెలాంటి నార తీసి పారేయండి, వాసనంతా బెరడులోనే. మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. గలగలా కాచొద్దు, వాసన ఆవిరితో పోతుంది. పొద్దున వడకట్టి 160 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయలు, ఒక చిటికెడు ఈస్ట్. చిటికెడంటే చిటికెడే.

ఈస్ట్‌లో రెండు దారులు. బ్రెడ్‌కు వాడే ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, కానీ అడుగున బన్ను వాసన మిగులుతుంది. అల్లంలో అది కనబడదు, నన్నారిలో బాగా తెలుస్తుంది. రెండోది షాంపేన్ ఈస్ట్. ఈసీ-1118 అని వచ్చేది 10 నుంచి 30 డిగ్రీల దాకా పనిచేస్తుంది, వాసన పెట్టదు, మడ్డి అడుగున గట్టిగా అంటుకుంటుంది. 5 గ్రాముల పొట్లం మనకు నెలల తరబడి వస్తుంది, మడిచి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. అల్లానికి తోడు, నన్నారికి షాంపేన్ ఈస్ట్, నేను చేసేది ఇదే. బ్రెడ్ ఈస్ట్ మొదటిసారి ప్రయత్నించేవాళ్ళకు చాలు.

సీసాల్లో అమ్మే నన్నారి షర్బత్‌తో చేద్దామనుకుంటే లేబుల్ చదవండి. సోడియం బెంజోయేట్ గానీ, ఈ-211 అని గానీ ఉంటే అది ఈస్ట్‌ను అణిచేస్తుంది. రెండు రోజులు చూసినా సీసా గట్టిపడకపోతే తప్పు మీది కాదు, దానిది.

కొంబుచా (పులియబెట్టిన టీ) కిట్ మూడోది, దాని గురించి ఎక్కువ చెప్పను. జిగురు బిళ్ళలాంటి తల్లి, తీపి టీ, వారం పది రోజుల ఓపిక. మన వేడికి బాగానే ఓర్చుకుంటుంది, ఇంకా తొందరగా కూడా అవుతుంది. కానీ ఒక రోజు మరిచిపోతే వెనిగర్. కడుపులో మంట ఉన్నవాళ్ళకు పడదు. పుల్లటిది ఇష్టపడేవాళ్ళు కొనుక్కోవచ్చు, కిట్ కంటే ఎవరింట్లోనైనా ఉన్న తల్లిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోవడం మేలు.

నాలుగోది పులియబెట్టకపోవడం. ఇది చాలా ఇళ్ళకు సరైన ఎంపిక అని నా నమ్మకం. ఎందుకంటే పైన చెప్పిన లెక్కలోనే ఉంది: మూడు వాల్యూముల గ్యాస్ పుట్టేసరికి 0.75 శాతం దగ్గర ఆల్కహాల్ కూడా పుడుతుంది. బీరులో ఐదు శాతం ఉంటుందనుకుంటే ఇది కొంచెమే. అయినా సున్నా కాదు, బయట ఉంచిన కొద్దీ పెరుగుతుంది. మన ఊళ్ళో మాల వేసుకున్నవాళ్ళు, వ్రతం పట్టినవాళ్ళు, కొండకు నడిచి వెళ్ళబోయే చుట్టాలు ఇంటికి వస్తూనే ఉంటారు. వాళ్ళకు చెప్పకుండా గ్లాసు అందించడం తప్పు. గర్భిణులకు, చిన్నపిల్లలకు నేను ఇవ్వను. వాళ్ళకు అదే అల్లం పాకం, అదే నన్నారి కషాయం ఈస్ట్ వేయకుండా చిక్కగా చేసి ఫ్రిజ్‌లో పెట్టి, పైన సోడా పోసి ఇస్తాను. ఇంట్లో సోడా మిషన్ కొనాలనుకుంటే ముందు దాని గ్యాస్ సిలిండర్ ఎక్కడ మార్చి ఇస్తారో కనుక్కోండి, మిషన్ ధర ఆ తర్వాత చూడొచ్చు. వారానికి నాలుగైదు సీసాలు తాగే ఇల్లయితే తప్ప మిషన్ వద్దు, వీధి చివర గోలీసోడా చాలు.

అంత చెప్పాక మావాడు అడిగింది: "అయితే ఏం కొనాలి మామా?" కాగితం మీద రాసిచ్చాను. గోడకు అంటించే థర్మామీటర్ ఒకటి. గ్రాముల్లో తూచే చిన్న కాటా ఒకటి, ఎందుకంటే చెంచాల లెక్కతో సీసాలు పగులుతాయి. సన్న జల్లెడ, గరాటు. పావుకిలో మట్టి అల్లం. సీసాలు కొనక్కర్లేదు, వాళ్ళ ఆఫీస్ క్యాంటీన్‌లో అడిగితే ఇస్తారు. ఆ బకెట్ కిట్ ఖరీదులో ఇది పావు వంతు కూడా కాలేదు.

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి వాడి ఫోన్. "మామా, గట్టిగా అయింది, నొక్కితే లోపలికి పోవట్లేదు." ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం దాకా తియ్యొద్దన్నాను. చల్లబడితేనే గ్యాస్ నీళ్ళలో కరిగి నిలుస్తుంది, లేకపోతే మూత తీయగానే సగం సోడా పైకప్పు మీద ఉంటుంది. సాయంత్రం వీడియో కాల్‌లో సింక్ మీద పట్టుకుని, నేను చెప్పినట్టే మూతను కొంచెం తిప్పి, నురుగు పైకి రాగానే మళ్ళీ బిగించి, అది దిగాక మళ్ళీ తిప్పి, అలా అయిదారుసార్లు చేశాడు. చివరిసారి తిప్పినప్పుడు బుస్సుమన్న చప్పుడు ఫోన్లో నాకూ వినిపించింది. మా అక్క పక్కనుంచి గ్లాసు చాపింది.